రెండో గేరు

కార్ల యంత్రభాగాల గురించి రాయడానికి తెలుగులో మాటలు చాలవని ఆ మధ్య ఒక మిత్రుడు వాదించాడు. చాలకపోవడమేమిటి, విజయవాడ ఆటోనగర్లో ఒక్క పూట నిలబడితే చెవులు నిండేటన్ని దొరుకుతాయని నేనన్నాను. "అయితే రాసి చూపించు" అన్నాడు. ఆ పంతం తీర్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ. విషయం రెండు సీట్ల చిన్న కారు ఒకటి, దాని కింద స్ప్రింగులు, దాని గేర్‌బాక్సులో పోసే నూనె. కార్ల మీద ఆసక్తి లేనివారు ఇక్కడితో ఆగిపోయినా నేనేమీ అనుకోను గానీ, ఇందులో మా నాన్న కూడా ఉన్నాడని ముందే చెప్పేస్తున్నాను.

నా దగ్గరున్నది 1994 నమూనా మాజ్డా మియాటా. ఎర్రరంగు, మడిచేందుకు వీలైన గుడ్డ కప్పు, ఐదు గేర్లు, టన్నుకు రవంత పైబడిన బరువు. 2017 వసంతంలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. నేనుండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారులో. అమెరికా కార్ల కంపెనీల జీతాల మీద బతికే వీధిలోకి జపాను కారు తెచ్చి నిలబెట్టడమంటే, పెళ్ళివారింటికి సొంత క్యారేజీ పట్టుకెళ్ళడమే. అయినా ఇరుగుపొరుగు ఏమీ అనలేదు సరికదా, ఒక్కొక్కరే వచ్చి చూసి, చిన్నతనంలో తమకూ ఇలాంటి కోరికే ఉండేదని చెప్పి వెళ్ళారు.

ఈ కారుకు చిన్న కథ ఉంది. 1960ల నాటి ఆంగ్లేయుల తేలికపాటి స్పోర్ట్సు కార్లు అప్పటికి మాయమైపోతున్నాయి. అటువంటి కారును మళ్ళీ చెయ్యమని బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు 1970ల చివర్లో మాజ్డా పెద్దలలో ఒకరైన కెనిచి యమమోతో చెవిన వేశాడు. తర్వాత చాలా ఏళ్ళకు, తోషిహికో హిరాయ్ అనే ఇంజనీరు నాయకత్వంలో ఆ కారు తయారై 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో బయటపడింది. పది లక్షలవ కారు 2016 లో హిరోషిమాలో తయారైంది. దాన్ని తీర్చిదిద్దినవారు "జిన్బా ఇత్తాయ్" అనే మాటను మంత్రంలా పెట్టుకున్నారట. రౌతూ గుర్రమూ ఒక్కటే కావడమని దాని అర్థం. ఇంజను గొప్ప బలమైనది కాదు. ఉన్న గొప్పతనమంతా బరువు తక్కువ కావడంలోనూ, నాలుగు చక్రాలకూ కింద ఒకటి, పైన ఒకటిగా జంట చేతులు వేలాడగట్టిన పద్ధతిలోనూ, ముంజేతిని కదిపితే చాలు పడే గేరులోనూ ఉంది. గేర్‌బాక్సునూ వెనకనున్న డిఫరెన్షియలునూ కలిపి పట్టుకునే అల్యూమినియం దూలమొకటి ఉంటుంది. దానివల్ల యాక్సిలరేటరు తొక్కిన మరుక్షణం వెనక చక్రాలకు తెలుస్తుంది.

నేను కొన్ననాటికి ఈ గుర్రానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, చలి ఉదయాల్లో మొదటి మైలు దాకా రెండో గేరు పడేది కాదు. బలవంతాన నెడితే కరకరమని పళ్ళు నూరేది. రెండు, ఇరవై మూడేళ్ళ షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయి, గతుకు ఎక్కి దిగాక బండి ఊయలలా మూడుసార్లు ఊగేది.

రెండో జబ్బుకు నేను చేసిన వైద్యం, జబ్బు కన్నా దారుణమైనది. వయసు నలభై దాటినా స్పోర్ట్సు కారు చేతికొచ్చేసరికి బుద్ధి ఇరవైకి దిగింది కాబోలు, పందాల మైదానానికి పనికొచ్చే గట్టి స్ప్రింగుల జతలు తెప్పించాను. ఎత్తు తగ్గించుకునే మరలు కూడా ఉండేవి వాటికి. బండిని రెండంగుళాలు నేలకు దించాను. చూడటానికి బహు ముచ్చటగా ఉంది. నడపటానికి మాత్రం ఎడ్లబండి నయం. మా దగ్గర శీతాకాలంలో రోడ్డు పగుళ్ళలోకి నీరు దిగి గడ్డకట్టి, ఉబ్బి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, మార్చి నాటికి రోడ్డంతా గుంటలమయం అవుతుంది. ఆ గుంటల మీద నా కారు పలకరింపులకు మా ఆవిడ రెండుసార్లు ఓర్చుకుని, మూడోసారి "మీరూ మీ గుర్రమూ వెళ్ళిరండి" అని దిగిపోయింది.

ఎందుకిలా అయిందో లెక్క తెలియక కాదు. స్ప్రింగు మీద నిలబెట్టిన బరువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది స్ప్రింగు గట్టిదనాన్ని బరువుతో భాగిస్తే వచ్చే దాని వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మామూలు కార్లకు అది ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య. మనిషి నడకలో ఒళ్ళు లేచిపడే లయకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది గనుక, పెద్దగా బాధించదు. స్ప్రింగును నాలుగింతలు గట్టి చేస్తే ఊపు రెండింతలవుతుంది. రెండున్నర దాటితే ఒంట్లో ప్రతి ఎముకా తన ఉనికిని చాటుకుంటుంది. పైగా బండిని కిందికి దించినకొద్దీ చక్రం పైకి కదిలేందుకు మిగిలే జాగా తగ్గిపోతుంది. ఈ చిన్న కారులో ఆ జాగా మొదటే కొంచెం. ఆ కొంచెం అయిపోయాక షాక్ అబ్జార్బరు కడ్డీకి తొడిగిన రబ్బరు దిమ్మ మీద బండి భారమంతా పడుతుంది. ఇంజనీరింగులో ఈ సూత్రాన్ని ఒకప్పుడు పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణే నేను. కారు కింద దూరినప్పుడు గుర్తుకు రాలేదు.

2018 మే నెలలో నాన్న వచ్చాడు, ఆరు నెలలుండిపోదామని. అప్పటికి డెబ్భై ఏళ్ళు. ఆటోనగర్లో ముప్ఫై అయిదేళ్ళు కమాన్ల మేస్త్రీగా చేసి మానేశాడు. తెలియనివారి కోసం చెబుతున్నాను, లారీ ఇరుసుకు పైన ఒకదాని కింద ఒకటిగా పేర్చిన వంపు ఉక్కుబద్దల కట్టనే కమాను అంటారు. బద్ద విరిగితే మార్చడం, వంపు దిగిపోయిన బద్దను సుత్తితో కొట్టి వంపు తేవడం, బుష్షులు అరిగితే కొత్తవి దిగ్గొట్టడం ఆయన పని. కుడిచెవికి సగమే వినబడుతుంది. నడుము సంగతి చెప్పక్కర్లేదు.

గ్యారేజీ తలుపు తీసి కారును చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగి, ముందున్న గుర్తు చూసి, "మాజ్డానా? మన స్వరాజ్ మాజ్డా వాళ్ళదేనా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆయన అన్నది నిజమే. 1980లలో జపాను వారి భాగస్వామ్యంతో మన దేశంలోకి నాలుగు రకాల చిన్న లారీలు వచ్చాయి. స్వరాజ్ మాజ్డా, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్. అప్పటిదాకా టాటా, లేలాండు బళ్ళ కింద బతికిన ఆటోనగర్ మేస్త్రీలకు అవి కొత్త చుట్టాలు. "బద్దలు పల్చన. కానీ లోహం మంచిది" అని కితాబిచ్చి, కారు తలుపు మీద చెయ్యి వేశాడు నాన్న. మియాటా అన్న పేరు ఆయన నోట ఎన్నడూ రాలేదు. చివరిదాకా అది "మాజ్డా బండి"యే.

ఆ సాయంత్రమే ఎక్కించుకుని బయల్దేరాను. రెండు వీధులు దాటామో లేదో, రైలుపట్టాల దగ్గర గుంట. ఢామ్మని రబ్బరు దిమ్మల మీద కూలబడింది బండి. నాన్న చెయ్యి నడుము మీదికి పోయింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, అప్పుడన్నాడు.

"కమాన్లు పీకేసి దుంగలు పెట్టినట్టుందిరా."

స్ప్రింగుల లెక్క వివరించబోయాను, పందాల కార్లకు ఎందుకలా ఉంటుందో. ఓపిగ్గా విని, "ఖాళీ లారీ ఎక్కావా ఎప్పుడైనా?" అని అడిగాడు. చిన్నప్పుడు ఆయన వెంట నూజివీడు దాకా ఎక్కిన సంగతి గుర్తొచ్చింది. "పది టన్నుల లోడుకి పెట్టిన కమాను. లోడు లేకపోతే అది ఎగిరెగిరి పడక ఏం చేస్తుంది? నీ బండిలో లోడు ఏదీ? నువ్వూ నేనూ."

గట్టిదనాన్ని బరువుతో భాగించి వర్గమూలం కట్టడమంటే ఇదే మరి. ఆయన చదివింది అయిదో తరగతి.

జూన్ నెలలో ఆ గట్టి స్ప్రింగులను విప్పడం మొదలుపెట్టాను. వాటి స్థానంలో కంపెనీ స్ప్రింగుల కన్నా కొంచెం గట్టివీ, బండిని అరంగుళానికి మించి దించనివీ ఎంచుకున్నాను. షాక్ అబ్జార్బర్ల దగ్గర చాలా రోజులు తటపటాయించాను. బిల్‌స్టీన్ వారివి ఒకే గొట్టంలో నూనె, దాని వెనక ఒత్తిడితో వాయువు ఉండే రకం. కోనీ వారి పసుపురంగువి పైనున్న గుబ్బను తిప్పితే, నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దానిని ఎంత పట్టి ఉంచాలో మార్చుకునే రకం. స్ప్రింగు గతుకు శక్తిని దాచుకుంటుంది, షాక్ అబ్జార్బరు దానిని వేడిగా మార్చి ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చు తక్కువైతే ఊయల, ఎక్కువైతే చక్రం గుంటలోకి దిగకముందే మరో గుంట. మా రోడ్ల మీద ఏది సరో తిప్పి చూసి తెలుసుకోవచ్చునని కోనీవే తెప్పించాను.

ఆ వారమంతా నాన్న గ్యారేజీ వైపు రాలేదు. మొదట ఎండ అనుకున్నాను. తర్వాత కాళ్ళనొప్పులనుకున్నాను. ఒకరోజు నేను నల్లటి చేతులతో మంచినీళ్ళకు వంటింట్లోకి వెళితే, బల్ల దగ్గర కూర్చుని మా అమ్మాయికి బత్తాయి వొలుస్తున్నాడు. నా చేతులకేసి చూసి తల తిప్పుకున్నాడు.

"చేతికి మడ్డి అంటకూడదనే కదరా నిన్ను చదివించాను" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇది సరదా అని చెప్పాలి. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం నాడు చేత్తో పట్టుకోగలిగే పనొకటి ఉంటే మనసు బాగుంటుందని చెప్పాలి. కానీ ఆయన ముప్ఫై అయిదేళ్ళు ఏ వాసన వదిలించుకోవడానికి ఇంటి వెనక నూతి దగ్గర సబ్బు అరగదీశాడో, ఆ వాసనను నేను డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాను. దానిని సరదా అనడానికి నోరు రాలేదు. చేతులు కడుక్కుని వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆయనే వచ్చాడు. ముందు చక్రాల పై చేతుల బోల్టులు విప్పాను, రబ్బరు బుష్షులు చూస్తే అంచుల వెంట చీలి ఉన్నాయి. పాతబడి పోయాయేమో అనుకుంటున్నాను. వెనకనుంచి గొంతు వినబడింది.

"కిందటేడు ఇవి బిగించినప్పుడు చక్రాలు గాల్లో ఉన్నాయా, నేలమీద ఉన్నాయా?"

గాల్లోనే ఉన్నాయి. జాకీ మీద లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చేతులు కిందికి వేలాడుతుండగా పానా వేసి మొత్తం బిగించేశాను.

"అదీ సంగతి" అన్నాడు.

ఈ బుష్షులో లోపలొక ఇనుప గొట్టం, బయటొక ఇనుప గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుబడుతుంది. ఆ తర్వాత చెయ్యి పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతుంది. బిగించిన భంగిమ ఏదో అదే దానికి విశ్రాంతి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేలమీదికి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది, నిలబెట్టిన బండిలో సైతం. ఇక గతుకులలో మరింత మెలితిరిగి చిరిగిపోతుంది. లారీ కమాను సంకెళ్ళ బోల్టులకూ, యూ-బోల్టులకూ కూడా ఇదే నియమం. బరువు దిగాకే ఆఖరి బిగింపు. కొంత దూరం తిప్పి తెచ్చి మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలి. ఈ సంగతి కారు మరమ్మతు పుస్తకంలోనూ ఉందని తర్వాత చూశాను. ఒక్క వాక్యం. నేను దాటేసిన పేజీలో.

కొత్త బుష్షులను ప్రెస్సు ఉన్న షెడ్డులో దిగ్గొట్టించి తెచ్చాను. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, పైచేతులు అన్నీ బోల్టులు వదులుగా ఉంచే ఎక్కించాం. అప్పుడు నాన్న మడతకుర్చీలోంచి లేచి, కింది చేతికి అడుగున జాకీ పెట్టించి, బండి స్టాండు మీంచి వెంట్రుకవాసి లేచేదాకా ఎత్తించాడు. "ఇప్పుడు దాని బరువు దానిమీద ఉంది. బిగించు." నేను కిందికి దూరబోతే ఆపి, బండి మూల పట్టుకుని గట్టిగా ఊపి చూసి, స్టాండు కదలలేదని తేలాకే వెళ్ళనిచ్చాడు. జాకీని నమ్మి బండి కిందికి దూరిన ఒక కుర్రాడి సంగతి చెప్పాడు. ఎవరో ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు.

చక్రాల కోణాలు సరిచేయించి, గుబ్బలను అన్నిటికన్నా మెత్తనికి తిప్పి, రైలుపట్టాల మీదికే తీసుకెళ్ళాను. దిగింది, లేచింది, ఆగింది. ఒక్క ఊపు. నాన్న నడుము మీద చెయ్యి వెయ్యలేదు. "వెనకాల రవంత తొందరగా లేస్తోంది, చూశావా?" అన్నాడు. 1930లలో కాడిలాక్ కార్ల మీద పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు తేల్చి చెప్పిన సంగతి అదే. గతుకు మొదట తగిలేది ముందు చక్రాలకు. వెనకవి ఆలస్యంగా ఎక్కుతాయి. కాబట్టి వెనక స్ప్రింగుల ఊపు కొంచెం త్వరగా ఉంటే, రెండూ కలిసి బండి సమతలంగా లేచి దిగుతుంది. అది తప్పు కాదు, కావాలని పెట్టిందేనని చెప్పాను. "నేను తప్పన్నానా?" అన్నాడు.

ఇక నూనె సంగతి. అది అక్టోబరు దాకా ఆగింది. అక్టోబరు మూడోవారంలో తెల్లవారేసరికి గడ్డి మీద మంచు కట్టేది. ఆ ఉదయాల్లో రెండో గేరు మళ్ళీ మొరాయించింది. నాన్న పక్కన కూర్చుని ఆ కరకర విన్నాడు. "ఏం పోశారు దీంట్లో?" అన్నాడు. తెలియదన్నాను. పాత యజమాని ఇచ్చిన కాగితాలు తిరగేస్తే, కొన్నేళ్ళ కిందట చిక్కటి జీఎల్-5 రకం పోయించినట్లు రశీదు దొరికింది.

గేర్ ఆయిలు డబ్బా మీద రెండు సంగతులుంటాయి. ఒకటి చిక్కదనం. 75డబ్ల్యూ-90 అంటే, మొదటి అంకె చలిలో ఎంత పారుతుందో, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతాయి. 75డబ్ల్యూ అనిపించుకోవాలంటే సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అది ఒక హద్దుకు మించి బిగుసుకుపోకూడదు. 80డబ్ల్యూకు ఆ పరీక్ష సున్నాకు 26 డిగ్రీల దిగువనే. ఇంజనాయిలు అంకెలకూ వీటికీ పొంతన లేదు, కొలబద్దలు వేరు. గేరాయిలులో 90 అన్నది ఇంజనాయిలులో 40కి దగ్గరగా ఉంటుంది. మన ఊళ్ళలో "తొంభై నంబరు" అని అడిగి తెచ్చుకునేది ఆ రెండో అంకెనే. మనకు సున్నా డిగ్రీల చలి లేదు గనుక మొదటి అంకెతో పనిపడలేదు.

రెండోది జీఎల్ అంకె. పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ నలిగేచోట, అంటే వెనక ఇరుసులోని క్రౌను గేర్ల వంటి చోట, లోహాన్ని కాపాడటానికి గంధకం, భాస్వరం కలిసిన మందులు నూనెలో కలుపుతారు. జీఎల్-5 లో అవి జీఎల్-4 కన్నా బాగా ఎక్కువ. నాలుగు కన్నా ఐదు పెద్దది గనుక మేలైనదనుకోవడం మనకు మార్కుల చదువు అంటించిన జబ్బు. గేర్‌బాక్సులో వ్యవహారం వేరు. అక్కడ రెండు గేర్ల వేగాలను కలిపేది సింక్రో అనే చిన్న ఇత్తడి ఉంగరం. అది ఎదుటి శంకువును ఒరుసుకుని, నూనె పొరను చీల్చి పట్టుకోవాలి. ఆ పట్టుతోనే వేగాలు కలుస్తాయి, గేరు పడుతుంది. నూనె మరీ చిక్కగా ఉంటే పొర చీలదు, మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు. పాతకాలపు జీఎల్-5 లలోని గంధకపు మందులు ఇత్తడిని తినేసేవి కూడా. ఇప్పటివన్నీ అలాంటివని చెప్పలేం. ఈ కారు చేతిపుస్తకం సైతం రెండు రకాలనూ ఒప్పుకుంటుంది. కానీ ఏళ్ళ తరబడి ఈ గేర్‌బాక్సుతో కాపురం చేసినవారిలో చాలామంది జీఎల్-4 వైపే మొగ్గుతారు. వెనక డిఫరెన్షియలుకు మాత్రం జీఎల్-5 తప్పదు. ఒకే బండిలో ఒక గొట్టానికి అటూ ఇటూ అన్నట్టుగా ఉన్న రెండు పెట్టెలకు రెండు నూనెలు.

75డబ్ల్యూ-90 సింథటిక్ జీఎల్-4 రెండు లీటర్లకు మించి తెచ్చాను. రెండు లీటర్లు గేర్‌బాక్సుకు. మిగిలినది గేరు కర్ర మొదట్లో ఉండే చిన్న గిన్నెకు. ఆ గిన్నెలో వేరే నూనె ఉంటుందని చాలామందికి తెలియదు. దానిమీద రబ్బరు తొడుగులు చిరిగితే ఇంజను వేడి లోపలికి కొడుతుంది, కర్ర వదులుగా ఊగుతుంది. నావి రెండూ చిరిగే ఉన్నాయి.

బండిని ఒక పది మైళ్ళు తిప్పి, నూనె గోరువెచ్చగా ఉండగానే స్టాండ్లెక్కించాం. నేను అడుగు బిరడాకు పానా వేశాను.

"ఆగు. ముందు పై బిరడా విప్పు."

"ఎందుకు?"

"అది తుప్పు పట్టి ఊడకపోతే? ఉన్న నూనె కింద వదిలేసి, కొత్తది ఎక్కణ్ణుంచి పోస్తావు?"

పై బిరడా నిజంగానే పావుగంట సతాయించింది. ఊడాకనే అడుగుది విప్పాను. నల్లటి నూనె తీగలా పళ్ళెంలోకి దిగింది. దానితోపాటు వాసన. కుళ్ళిన ఉల్లిపాయలో కాలిన అగ్గిపుల్ల కలిపితే ఎలా ఉంటుందో అలాంటి గంధకపు వాసన. గేరాయిలు ముట్టుకున్నవారికి అది తెలుసు. సబ్బుకు పోదు, కిరసనాయిలుకు పోదు, రెండు మూడు రోజులు చర్మాన్ని పట్టుకుని ఉంటుంది.

నాన్న వంగి, పళ్ళెంలో బొటనవేలూ చూపుడువేలూ ముంచి, రుద్ది, ఎండలోకి పట్టి చూశాడు. సన్నటి బంగారుపొడిలా మెరిసింది. "ఇత్తడి. కొంచెమే. పర్లేదు, ఇంకా మిగిలుంది ఉంగరం" అన్నాడు. డెబ్భై ఏళ్ళ వేళ్ళు. గోళ్ళు మాత్రం, పని మానేసి పన్నెండేళ్ళయినా, అంచుల్లో నల్లగానే ఉన్నాయి.

నేను ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఉండగా ఒకసారి ఫీజు కట్టడానికి నాన్న కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కొత్త చెప్పులు వేసుకున్నాడు. వాసన మాత్రం ఉంది. హాస్టల్లో మా నాన్నది ఆటోమొబైల్ వ్యాపారమని చెప్పుకుని ఉన్నాను. రూముకు తీసుకెళ్ళలేదు. ఆఫీసులో ఫీజు కట్టించి, గేటు బయట టీ ఇప్పించి, బస్సెక్కించేశాను. ఆయన ఒక్కసారి హాస్టలు వైపు చూసి, ఏమీ అడగకుండా ఎక్కాడు. ఇది జరిగి పాతికేళ్ళు. ఇద్దరం ఏనాడూ ఎత్తలేదు.

బండి కింద వెల్లకిలా పడుకుని ఉంటే మనిషి ముఖం కనబడదు, కాళ్ళే కనబడతాయి. అది ధైర్యమిచ్చిందో ఏమో.

"నాన్నా, కాలేజీకి వచ్చినప్పుడు నిన్ను రూముకి తీసుకెళ్ళలేదు."

నూనె చుక్కలు పళ్ళెంలో పడుతున్నాయి. కాసేపటికి అన్నాడు.

"మూడింటికి బస్సురా. నాకూ టైము లేదు ఆ రోజు."

బస్సు అయిదింటికి. టిక్కెట్టు నేనే కొన్నాను.

అడుగు బిరడా బిగించి, పంపుతో కొత్త నూనె ఎక్కించాను. పై కన్నంలోంచి సన్నగా పొర్లేదాకా నింపడమే కొలత. పొర్లగానే "చాలు" అన్నాడు. ఈ కొత్తదానికీ అదే వాసన, కొంచెం తక్కువ. చేతులు కడుక్కోవడానికి ఇద్దరం లోపలికి వెళ్ళాం. కడుగు తొట్టె దగ్గర ఆయన నా చేతుల మీద పంచదార వేసి, దానిమీద సబ్బునీళ్ళు పోశాడు. ఆటోనగర్ పద్ధతి. మా ఆవిడ ముక్కు మూసుకుంది. మా అమ్మాయి మాత్రం తాతయ్య వేళ్ళు వాసన చూసి, "బాణాసంచా వాసన" అంది. ఆయన ఎంతసేపు నవ్వాడో.

మర్నాడు తెల్లవారి సున్నాకు దగ్గరగా ఉంది. మొదటి మలుపు దగ్గర క్లచ్చు తొక్కి కర్రను రెండుకు లాగాను. కొంచెం బెట్టు చేసింది. కరకర లేకుండా పడింది. నాన్న ఎదురుగా రోడ్డుకేసి చూస్తూ తల ఊపాడు.

నవంబరు మొదట్లో ఆయన వెళ్ళిపోయాడు. రోడ్ల మీద ఉప్పు చల్లకముందే నేనూ బండికి గుడ్డ కప్పేశాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. నడుము ఇరవై నాలుగు గంటల ప్రయాణాన్ని ఒప్పుకోవడం లేదు. వెళ్ళినప్పుడల్లా మేమే వెళ్ళి చూసొస్తున్నాం. కిందటి సారి ఆటోనగర్‌కు నన్ను తీసుకెళ్ళమని అడిగాను. ఆయన పనిచేసిన షెడ్డులో ఇప్పుడు వేరెవరో ఉన్నారు. వాళ్ళకు నన్ను చూపించి, "మావాడు. కమాను బుష్షులు మారుస్తాడు" అని పరిచయం చేశాడు. అమెరికా సంగతీ, ఉద్యోగం సంగతీ చెప్పలేదు.

ఆదివారాలు ఫోను చేస్తాను. ఆరోగ్యం, వానలు, మా అమ్మాయి చదువు అయ్యాక, ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో ఆయనే అడుగుతాడు.

"మాజ్డా బండికి రెండో గేరు పడుతోందా?"

"పడుతోంది నాన్నా."

"మొదట్లో తొందరపెట్టకు. కాస్త వేడెక్కనీ."